ధింసాపాటయు శ్రోతల తీర్పును

పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునందలి పర్వతప్రకరణమున నానావిధములైన దేశిపదములను పేర్కొనియున్నాఁడు. తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మొదలగువానితోపాటు పర్వతపదములును అందుఁ గలవు. పేరును మాత్రమే చూచినవారికి ఇవి కొండవారి పాటలని తోఁచును. కాని అవి శ్రీశైలయాత్రకుఁ బోవు భక్తులు పాడుకొనినవిగాఁ బండితులు చెప్పుదురు. ఈ చిన్న భేదము తెలుగుసారస్వతమున నాఁటినుండి నేఁటిదాఁక సాఁగుచునే యున్నది. కొండ యెక్కివచ్చినవాఁడు పాడిన పాటకు గ్రంథమునఁ జోటు దొరకినది. కొండమీఁదఁ బుట్టినవాఁడు పాడినదానికి దొరకలేదు.

కొండవారి యాట రాజసభ కెక్కిన యొక సందర్భమును మాత్రము జాయపసేనాని చెప్పియున్నాఁడు. కాకతి గణపతిదేవుని గజసాహిణియగు నాతఁడు 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో గొండలి యను దేశినృత్తము వర్ణింపఁబడినది. కల్యాణపురమున భూలోకమల్ల సోమేశ్వరుఁడు ఒక యుత్సవమున భిల్లవేషముతో నాడిన స్త్రీని జూచి మెచ్చి, ఆ నృత్తమును ఆదరించి దానికిఁ బ్రసిద్ధి కలుగఁజేసెనని యందలి కథ. రాజు పేరు నిలిచినది. నృత్తము పేరు నిలిచినది. అడుగులకు లక్షణ మేర్పడినది. ఆడిన యామె పేరు లేదు. ఆమె పాడినదో లేదో, పాడినచో నేభాషలోఁ బాడినదో ఎవరును వ్రాయలేదు. తొమ్మిదివందల యేండ్ల క్రిందటి యీ ముచ్చట పాతవడినదని యనుకొనువారు అరకులోయలో నేఁడు ధింసాపాటనుగూర్చి జరుగుచున్న ప్రసంగములను వినవలెను.

అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు ప్రాంతములు 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు మండలమునఁ జేరియున్నవి. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియలు, పోర్జలు, గదబలు, కోదులు మున్నగు జాతులవారు ఇందు నివసింతురు. కోదుల కువియు, కొండదొరలలోఁ గొందఱి కొండభాషయు, గదబల మాటయు వేఱువేఱు. అయినను సంతలోఁ గలసికొన్నప్పుడు వారిలోఁ బెక్కుమందికి నడుమ నుండునది ఆదివాసి ఒడియా. బడిలోఁ జదువు తెలుఁగు. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సారాష్ట్ర మేర్పడినప్పుడు కొరాపుట్టు ప్రాంతము అటు పోయినది, అరకు ఇటు నిలిచినది. పాట మాత్రము విడిపోలేదు. అచ్చట ఢెంసా యనునదియే యిచ్చట ధింసా. వివాహములకును, గ్రామదేవతల జాతరలకును, చైత్రమాసమునందలి ఇటుకలపండుగకును ధింసా లేక జరుగదు.

ఈ పాటనుగూర్చి తీర్పు చెప్పువారు నేఁడు మూఁడువిధములుగా నున్నారు. పండుగలలో నాడి పాడి తల నెరసిన పెద్దలు ఒకరు. ఆశ్రమపాఠశాలలలోఁ జదివి, చేతఁ దూరవాణి గల యువజనులు రెండవవారు. చలికాలమున మైదానమునుండి రైలెక్కి వచ్చు యాత్రికులు మూఁడవవారు. పెద్దలకుఁ గ్రొత్త ఆల్బములు గిట్టవు. యువకులకుఁ గ్రొత్త ఆల్బములే ప్రాణము. యాత్రికులకు రంగస్థలముమీఁది ధింసాయే ధింసా. ఒక్కొక్కరి యభిరుచిలో నొక్కొక సత్యాంశము కలదు. కాని ముగ్గురిలో నెవరి యభిరుచియు విమర్శమునకుఁ జాలినంత కొలబద్ద నీయఁజాలదు. ఆ కొలబద్ద పాటయొక్క నిర్మాణమునుండియే రావలెను.

ధింసానుగూర్చి యచ్చైన వ్రాతలలోఁ దఱచు ఎనిమిది భేదములు చెప్పఁబడుచున్నవి: బోడ, గుండేరి, గొడ్డిబేట, పోతర్‌తోల, భాగ్, నాటికారి, కుండ, బాయ. వాని వివరణములను జదివినచో నొక విశేషము కనఁబడును. బోడ ధింసాలో రెండు వరుసలవారు ఒకరి వీఁపువెనుక నొకరు చేతులు పెనవైచి నిలుతురనియు, కుడికొన నున్నవాఁడు నెమలిపింఛముల కట్టతో నాయకత్వము వహించుననియుఁ జెప్పుదురు. గొడ్డిబేటలో ముందునకు వంగుచు లేచుచు నిరువదియైదడుగులు నడచి మఱల వెనుకకు వత్తురు. పోతర్‌తోల ఆకులు కోయు తీరు. భాగ్ పులివాతఁ బడక తప్పించుకొను తీరు. కుండ భుజములతో నొకరినొకరు త్రోసికొను తీరు. అన్నియు కాళ్ళు, చేతులు, భుజములు, తలలు! ఎనిమిదింటిలో నొక్కదానికైనను ఏ పాట పాడుదురో, తుడుము ఎట్లు మ్రోఁగునో చెప్పినవారు లేరు. చెవితో నేర్చుకొనవలసిన విద్యను కంటితో మాత్రమే లెక్క వ్రాసినారు. గుండేరిలో పురుషుఁడు పాట పాడి స్త్రీలను ఆటకు రమ్మని పిలుచునను నొక్క వాక్యము మాత్రము జాఱిపడినట్లున్నది. ధింసాకుఁ దాళపుచెవి యా వాక్యమునందే యున్నది.

ఈ దోషము క్రొత్తది కాదు. 1907లో వెలువడిన ఫ్రాన్సిస్ దొర విశాఖపట్టణమండల గెజెటీరులోను, 1909లో నేడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టన్ దొర దక్షిణహిందూదేశపు కులజాతుల గ్రంథములోను గదబస్త్రీలు నారతో నేసికొను చారలబట్టలకును, చెవులకు వ్రేలాడు పెద్ద తీఁగె కమ్మలకును దొరకిన చోటు వారి స్వరమునకు దొరకలేదు. దొరలు ఛాయాచిత్రయంత్రమును కొండకుఁ దీసికొనిపోయిరి. తమ చెవులను గొండక్రింద విడిచిపోయిరో యేమో!

పిలుపునకు బదులు పలుకుటయే యీ పాటలకుఁ బ్రాణము. ఒక ప్రక్కవారు ఒక చరణము నెత్తుకొందురు. రెండవప్రక్కవారు దానిని మఱల నందుకొని మాట మార్చి తిప్పి పాడుదురు. ప్రశ్నకు సమాధానము, ఎత్తిపొడుపునకు ఎదురు ఎత్తిపొడుపు, పిలుపునకు అంగీకారమో నిరాకరణమో. అందుచేత పాట ముందుగాఁ బూర్తియై యుండదు. పాడుచుండఁగానే యల్లుకొనును. ఎదుటివారికి మాట తోఁచువఱకు అడుగు ఆగదు. వాద్యము ఆ యెడమును నింపును. మోరి సన్నాయిజాతికిఁ జెందిన వాద్యము. బుగ్గలలో గాలి నిలిపి ఊపిరి తెగకుండ ఊఁదువాఁడు పాటవరుస నందుకొని, తరువాతి చరణము పుట్టువఱకు దానిని గాలిలో నిలుపును. తుడుమును రెండుకోలలతో వాయించువాఁడు ఆడువారి పాదములను జూచుచు వాయించును; వరుస వేగిరపడిన తానును వేగిరపడును, వృద్ధు లొకరు వరుసలోఁ జేరిన నెమ్మదించును. దప్పు, కిరిడి, జోడుకొమ్ములు వీని ననుసరించును. ఈ పద్ధతిలో నాయకత్వము ఒక్కరియందు స్థిరముగా నుండదు. పింఛము పట్టినవాఁడు నడిపించును, తుడుము నడిపించును, చమత్కారముగా బదులిచ్చిన యొక పడుచు మఱునిమిషమునఁ దానే నడిపించును.

అరకునకు ఉత్తరమున, పార్వతీపురము, పర్లాకిమిడి కొండలలోని సవరల పాటలలో మఱియొక లక్షణము స్పష్టముగాఁ గనఁబడును. ఒక పాదములోఁ జెప్పిన యర్థమునే రెండవ పాదము వేఱు మాటలతో మఱలఁ జెప్పును. మైదానపు చెవికిది పునరుక్తిదోషముగాఁ దోఁచవచ్చును. కాని ద్విపదలో రెండు పాదములకు యతిప్రాసలు చేయు పనిని అచ్చట జంటమాటలు చేయుచున్నవని గ్రహించినచో దోషము గుణమగును. మొదటి పాదమును వినువాఁడు రెండవదానిని ఊహించును. ఊహించినవాఁడు కలసి పాడును. వినువానిని పాడువానిగాఁ జేయుటయే యీ ఛందస్సుయొక్క ప్రయోజనము. కాఁబట్టి కొండపాటను విమర్శించునపుడు మొదట నడుగవలసినది రాగము శుద్ధమా, వాద్యము పాతదా, వేషము సరియైనదా యని కాదు. ఎదుటివారు బదులు పలుకుటకు ఈ పాటలోఁ జోటున్నదా?

ఈ ప్రశ్నతోఁ గ్రొత్త ఆల్బములను వినిచూడవలెను. ధింసాపేరుతో యువకులు తామే పాడి, తామే యాడి, యూట్యూబునందు విడుచుచున్న పాటలు నేఁడు విస్తారముగా నున్నవి. పెద్దలు వీనిపై మోపు నేరములు తేలికగాఁ ద్రోసివేయఁదగినవి కావు. మోరికి బదులు కీబోర్డు వచ్చినది. కీబోర్డు మోరి స్వరము ననుకరింపఁగలదు గాని మోరికాని యూపిరి ననుకరింపలేదు. ఒక స్వరమునుండి మఱియొకదానికి జాఱునప్పుడు మోరి చూపు వంపు, గొంతులోని జీరవంటి యా కఱకుఁదనము, దానియందు లేవు. తుడుమునకు బదులు యంత్రతాళము. అది పాదములను జూడదు. మొదటి క్షణమున నెంత వేగమో కడపటి క్షణమునను అంతే వేగము. కంఠము సయితము యంత్రమునఁ జిక్కి, స్వరము తప్పిన చోట్ల సరిదిద్దఁబడి, లోహపుఁ గొట్టములోనుండి వచ్చినట్లుండును. ఇందులకుఁ దోడు డీజే యను పేరుతో నొకే పాటను మఱింత బిగ్గఱగా, మఱింత వేగముగాఁ జేసి మఱల విడుచుట యొకటి. ఈ రూపములు పాటకు నూతనత్వ మీయవు. చెవికి శ్రమ యిచ్చును.

ఇంతవఱకుఁ బెద్దల తీర్పు న్యాయమే. కాని వారు వినని దొకటి కలదు. ఈ యాల్బములలోఁ బెక్కింటి భాష ఆదివాసి ఒడియా. కొన్నింట కువి. కొండపిల్ల తాను ఇంట నాడు మాటను పాటగా రచించి, పాడి, లోకమునకు వినిపించుట కిదివఱకు ఏ గ్రామఫోను కంపెనీయుఁ దగినంత చోటీయలేదు, చలనచిత్రము నీయలేదు. పైగా వీనిపై పాడినవారి పేరు, వ్రాసినవారి పేరు, వాయించినవారి పేరు కనఁబడుచున్నవి. గొండలి యాడిన భిల్లస్త్రీకి లేని భాగ్యమిది. యంత్రతాళము నెంత నిందించినను ఈ రెండు గుణములను గొట్టివేయుట తగదు. భాషయే పోయిన పాటకు మోరి యున్న నేమి, లేకున్న నేమి?

ఆల్బములలోనే తారతమ్యము కలదు. కొన్ని తెలుఁగు చలనచిత్రపుఁ బాటకుఁ బేదబంధువులు: పల్లవి, చరణము, నడుమ వాద్యపుఁ గోలాహలము, మఱల పల్లవి. ఒకఁడే పాడును, పడుచు పాడక నవ్వుచు జలపాతముముందు నిలువఁబడును. ఇవి ధింసా దుస్తులు ధరించిన వేఱు పాటలు. మఱికొన్నింట పురుషుఁ డొక చరణ మెత్తఁగా స్త్రీ తిప్పికొట్టును. గుంపు కడపటి మాటను బట్టుకొనును. వాద్యములు ఎంత క్రొత్తవైనను ఇవి ధింసాపాటలే. కీబోర్డు వాడినందుకు రెండవజాతిని, తుడుము చూపినందుకు మొదటిజాతిని, తారుమారుగాఁ బొగడుట నేఁటి యభిరుచిలో ముఖ్యదోషము.

యాత్రికుల ధింసా సంగతి యిప్పుడు విచారింపవలసియున్నది. కొత్తవలసనుండి కిరండూలుకుఁ బోవు రైలుమార్గము 1960వ దశాబ్దమున నేర్పడినతరువాత అరకులోయ మైదానమువారికిఁ జేరువైనది. అరకులోని గిరిజనసంగ్రహాలయము 1996లో వెలసినది. 2025 జనవరి 31 మొదలు ఫిబ్రవరి 2 వఱకు చలి ఉత్సవము జరుగఁగా ధింసా దానికి ముఖ్యాలంకారమైనది. అతిథిగృహముల యావరణలలో సాయంకాలము చలిమంటలయొద్ద ధింసా యాడించుట వాడుకయైనది. ఆడువారికి దీనివలన నాలుగు రూకలు లభించుచున్నవి; ఆ లాభమును దూరముననుండి చులకనచేయుట విమర్శకుని పని కాదు. చూచువారు మెచ్చుకొనుటయుఁ గపటము కాదు. ఒకే రంగుచీరలు, ముక్కుననున్న కమ్ములు, ఒక్కమాఱుగా వంగు నడుములు, పామువలె మెలికలు దిరుగు వరుస: కంటికి నిజముగాఁ బండుగే.

అయినను రంగస్థలమున ధింసాకుఁ గలిగిన నష్టము ఆల్బములలోఁ గలిగినదానికంటె నెక్కువ. ధ్వనివర్ధకము వాద్యములముందు నుండును. వాద్యకారులు మ్రోయింతురు, స్త్రీలు ఆడుదురు, పాట మాత్రము వినఁబడదు, పలుచోట్ల నసలే యుండదు. వాద్యకారులును ఆడువారును ఎదురెదురుగాఁ గాక ప్రేక్షకులవైపు మొగము పెట్టుదురు. పదినిముషముల గడువు. ఇంతలో గౌరవనీయులగు అతిథులు వరుసలోఁ జేరి రెండడుగులు తప్పువేయుదురు, ఛాయాచిత్రములు పడును, వాద్యము ఆగును. పిలుచువాఁడు లేఁడు, పలుకువారు లేరు. ఆడువారు ఆదివాసులే, చీర వారిదే, మోరి వారిదే, కొండ వారిదే. అన్నియు నిజమైనవి, ధింసా మాత్రము సగము. యాత్రికుఁడు తాను అసలైనదానిని జూచితినని తృప్తిపడి, తిరుగురైలులో నొక యువకుని తూరవాణినుండి వినఁబడిన డీజే పాటను విని, కొండసంస్కృతి చెడిపోవుచున్నదని విచారించును! ఆ పాటలోఁ బలుకు బదులు అతఁడు చూచిన రంగస్థలమున లేదని అతని కెవరు చెప్పవలెను?

అందఱును ఏకముగాఁ బ్రేమించునవి పాత పాటలు. ఇందును విచారింపవలసిన దున్నది. విశాఖపట్టణమున 1963లో ఆకాశవాణికేంద్రము వెలసినది. ఆ దశాబ్దముననే జయపురమున మఱియొకటి. ఒకటి తెలుఁగు, ఒకటి ఒడియా వినిపించుచుండఁగా నడుమనున్న లోయవారి చెవి రెంటికిని అలవాటుపడినది. కాఁబట్టి కొండపెద్దల పాతపాటలన్నియుఁ గొండలో పుట్టినవి కావు. ఘంటసాల పాటలు, సుశీల పాటలు కొండసంతలలోను మ్రోఁగినవే. ఒక విశేషము: తెలుఁగు చలనచిత్రసంగీతమునకు వన్నె తెచ్చిన సాలూరు రాజేశ్వరరావు జన్మించినది 1922లో సాలూరుచెంత శివరామపురమున, అనఁగా ఈ కొండలు దిగిన వెంటనే కాలు మోపు చోట. ఆయన సంగీతమున హిందూస్థానీ గలదు, వంగదేశపు మృదుత్వము గలదు. కనుచూపుమేరలోనున్న మోరి పలుకు మాత్రము ఆయన స్వరములలో వెదకవలసినదే. ఇది ఆయనలోపము కాదు. నాఁటి గ్రామఫోను లోకమునకుఁ గొండ వినఁబడలేదు.

చలనచిత్రములు కొండను వాడుకొన్న తీరునకు 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు మంచి తార్కాణము. అందు శ్రీశ్రీ రచింపఁగా ఘంటసాల పాడిన ప్రబోధగీతము జాతీయబహుమానమును బడసినది; నేఁటికిని వినువారికి రోమాంచము కలిగించును. ఆ పాటలో నాయకుఁడు పిలుచును, కొండవారు విందురు. వారు తమ మాటతో బదులు చెప్పు ఘట్ట మందు లేదు. 2022లో వెలువడిన ఆర్.ఆర్.ఆర్. చిత్రమున గోండుబాలిక పాడు పాట కీరవాణి స్వరకల్పనలలో సుకుమారమైనది. బాలిక గోండి పలుకదు, తెలుఁగు పలుకును. గోండులు అరకువారు కారు, ఆదిలాబాదువారు; అయినను చిత్రనీతి రెండుచోట్ల నొక్కటియే. నలువదియెనిమిదేండ్ల యెడముగల రెండు చిత్రములలో వాద్యములు మాఱినవి, యంత్రములు మాఱినవి, కొండవారికి మాట యీకుండుట మాఱలేదు. తెలుఁగు ప్రేక్షకునికి అర్థము కావలెను గదా యని సమాధానము చెప్పవచ్చును. హిందీమాటలు నిండిన పాటలను అర్థము కాకయే పాడుకొను ప్రేక్షకునికి ఈ శంక యెందులకు?

కొండచెంతనుండి వచ్చిన పాటలలో జమికిలివాద్యపుఁ గథను బట్టి శ్రీకాకుళపుఁ గొండలలోఁ బాడి, 1969 డిసెంబరులో చంపఁబడిన సుబ్బారావు పాణిగ్రాహి పేరును, పార్వతీపురము చెంతఁ బుట్టి 2020 ఆగస్టు 4వ తేదీని గతించిన వంగపండు ప్రసాదరావు పేరును దలఁపక తప్పదు. వారి రాజకీయమునుగూర్చి భిన్నాభిప్రాయము లుండవచ్చును. పాటనుగూర్చి యంతగా నుండనక్కఱలేదు. వంగపండు పాటలో నొకఁడు అడుగును, గుంపు పలుకును. అతని వాక్యమున ఉత్తరాంధ్రపు యాస అలంకారముగాఁ గాక వెన్నెముకగా నున్నది. మైదానపు వేదికలమీఁదఁగూడ వినువారు ఆ పాటలను ఊరక వినలేకపోయిరి, నోరు కలిపిరి. అట్టివానికిని వచ్చిన చిక్కు విచిత్రము. పాట మిక్కిలిగా జనులలోఁ గలసిపోయినందున దానికిఁ గర్త లేఁడని లోకము భ్రమించినది. ఆయన పల్లవి నొకదానిని చలనచిత్రమువారు అడుగకయే వాడుకొనఁగా ఆయన తన పాట యని నోరు తెఱచి చెప్పుకొనవలసివచ్చెను. పేరుప్రతిష్ఠలు గల పట్టణపరిచితుఁడైన కవిగతి యిట్లుండఁగా, డుంబ్రిగూడదగ్గఱ నొక పల్లెలో నిరుడు పండుగకు బదులుపాట యల్లిన స్త్రీ తన పాటను తనదిగాఁ జెప్పుకొనుట యెట్లు? సంప్రదాయగీత మనుమాట గౌరవముగా వినఁబడును. ఆ మాటక్రింద నెందఱి పేళ్ళు పూడ్చఁబడినవో!

ఆల్బములలోఁ బేరు వ్రాయుట యెంతటి మేలో ఇందువలనఁ దెలియును. ఆ పేళ్ళక్రిందఁ బాటను వ్రాయఁబూనినప్పుడు మఱియొక చిక్కు ఎదురగును. ఆదివాసి ఒడియాకుఁ దనదైన లిపి లేదు. ఆంధ్రప్రాంతమున దానిని తెలుఁగక్షరములతో వ్రాయుదురు. 2004లో నారంభమైన మాతృభాషావిద్యాకార్యక్రమమున సవర, కువి, కొండ, ఆదివాసి ఒడియా మున్నగు నెనిమిది భాషలకు వాచకములు తెలుఁగులిపిలోనే కూర్పఁబడినవి. యువకులు దృశ్యగీతములక్రింద మాటలు వ్రాయునప్పుడు ఒకే మాటను ఒకచోట నొకవిధముగాను మఱియొకచోట వేఱొకవిధముగాను వ్రాయుదురు. గిడుగు రామమూర్తిపంతులు సవరభాషకు వాచకములు, పాటలపుస్తకములు కూర్చునప్పుడును, 1931లో వెలువడిన సవరవ్యాకరణమును రచించునప్పుడును ఈ కష్టమునే యనుభవించినారు. గొంతులోఁ దటాలున నాఁగి విడుచు సవరధ్వనికిఁ దెలుఁగులో నక్షరము లేదు. ఆయన గుర్తులు కల్పించికొనిరి; సవరలలోనే మంగయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని వేఱుగఁ గల్పించెను. గ్రాంథికవాదులతోఁ జేసిన పోరాటమునుబట్టి గిడుగువారిని స్మరించువారు వేలకొలఁది. ఆయన ముందుగాఁ గొండమాటను విని, ఆ తరువాతనే మైదానపు వాడుకభాషకై వాదించినారని స్మరించువారు కొలఁదిమంది. వినుట ఆయన మొదటి శాస్త్రము.

పెద్దలు మోరినిగూర్చి విచారించుట వ్యర్థము కాదు. మోరి యూఁదు విద్య పాటవలె నొక పండుగలో నేర్చుకొనఁదగినది కాదు. తండ్రిచెంతఁ గూర్చుండి యేండ్లకొలఁది బుగ్గలు నొప్పిపుట్టఁగా నేర్వవలెను. ఈ వాద్యకారులలోఁ బెక్కుమంది వాల్మీకికుటుంబములవారు. జాతరకుఁ బిలుపు తగ్గినచో వారి కొడుకులు వేఱుపని చూచుకొందురు. కీబోర్డునకు ఈ బాధ లేదు. కాని మోరిని బ్రతికింపవలెనని రంగస్థలమున మ్రోయించుట కంటె ఆల్బములోనికిఁ బిలుచుట మేలు. కొందఱు యువకులు తమ పాటలలో నసలైన తుడుమును, మోరిని జేర్చుచున్నారు. అట్టి పాటలలో యంత్రతాళము వెనుకకుఁ దగ్గి, తుడుము కొంచెము తడబడి, మఱల సరిపడి, వరుసను వెంటఁబెట్టుకొని పోవుట వినఁబడును. ఆ తడబాటును దిద్దక విడిచినవాఁడు చెవి గలవాఁడు.

ఆల్బముపాట నాలుగైదు నిముషములలో ముగియును. ధింసా యంతలో ముగియదు. అందుచేతఁ బెండ్లిపందిటిలో ఆ పాటనే మఱల మఱల వేయుదురు. వరుస కదలుచునే యుండును. రెండుమూఁడుమార్లు విన్నతరువాత పడుచులు యంత్రమునఁ బాడు స్త్రీ మాటలను విడిచి, ఆ వరుసమీఁదనే తమ మాటలు వేసి, ఎదుటనున్న పెండ్లికొడుకు తోడివారిని ఆటపట్టింతురు. యంత్రము తన పాట తాను పాడుచుండును. దాని కెవరును బదులు చెప్పరు.